కాలు కడుక్కునే హక్కు

(బాన్సువాడలో మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మనం కూలి రేట్ల గురించి, భూమి పట్టాల గురించి, గృహహింస చట్టం గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నన్ను బోదకాలు గురించి, అందులోనూ ఆ కాలు కడుక్కోవడం గురించి మాట్లాడమన్నారు. హక్కుల సభలో సబ్బు, చెంబు ముచ్చటేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ రోజుకొకసారి తన కాలు తాను శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని, ఒక అరగంట ఎత్తులో పెట్టుకునే వీలు ఎంతమంది ఆడవాళ్లకు ఉందో ఆలోచించండి. నీళ్లు, చాటు, తీరిక, ఒక మంచం, ఇంట్లో వాళ్ల ఒప్పుదల, ఇవన్నీ ఉంటేనే ఆ పని జరుగుతుంది. అందుకే దీన్ని హక్కుల విషయంగానే మీ ముందు పెడుతున్నాను.

పాత నిజామాబాద్ జిల్లాలో బోదకాలు కొత్త జబ్బు కాదు. 2016లో కామారెడ్డి వేరే జిల్లా అయింది కానీ జబ్బు సరిహద్దులు చూసుకుని ఆగలేదు. మీ ఊళ్లలో ఒకటి రెండు వాడలు తిరిగితే చాలు, చీర కుచ్చిళ్లు కిందికి లాగి కాలు దాచుకుని కూర్చున్న అక్కలు కనిపిస్తారు. వాళ్లను కదిలిస్తే ముందు చెప్పేది వాపు గురించి కాదు. "ఏడాదికి నాలుగైదు సార్లు జరమొస్తది, గజ్జల్ల బిళ్ల కడ్తది, కాలు ఎర్రగైతది, నిప్పుల పెట్టినట్టు మండుతది, వారం దినాలు లేవనియ్యది" అంటారు. మనం ఇవాళ మాట్లాడుకోవాల్సింది ఆ జ్వరం గురించే. వాపు పూర్తిగా పోవడం కష్టం. కానీ ఆ జ్వరాన్ని రాకుండా ఆపడం మన చేతుల్లో ఉంది.

ఇందులో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోతే ఏదీ అర్థం కాదు.

మొదటిది పురుగు. క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు ఫైలేరియా పురుగు పిల్లలు మన ఒంట్లోకి చేరతాయి. సన్నటి దారంలాంటి ఈ పురుగులు శోషరస నాళాలలో, అంటే కండరాల్లోంచి నీటిని తిరిగి రక్తంలోకి తీసుకుపోయే సన్నని గొట్టాలలో, ఏళ్ల తరబడి బతుకుతాయి. ఆ నాళాలు దెబ్బతింటాయి. చాలామందికి దోమ కుట్టిన ఎన్నో ఏళ్లకు గాని వాపు కనిపించదు. వాపు ముదిరేసరికి చాలాసార్లు రక్తంలో పురుగే దొరకదు. ప్రభుత్వం 2004 నుంచి ఇంటింటికీ పంచుతూ వచ్చిన మాత్రలు ఈ పురుగు కోసం. అవి ఊళ్లో జబ్బు ఒకరి నుంచి ఇంకొకరికి పాకకుండా ఆపుతాయి. అందుకని మాత్రలు ఇచ్చినప్పుడు గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, జబ్బుతో మంచాన పడ్డవాళ్లు తప్ప అందరూ మింగాలి. కానీ ఆ మాత్ర మింగితే వాచిన కాలు సన్నబడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెండోది సూక్ష్మక్రిమి, అంటే బాక్టీరియా. నాళాలు దెబ్బతిన్న కాలు, కాపలా లేని ఇల్లులాంటిది. మామూలు మనిషికి వేళ్ల సందులో చిన్న పగులు పడితే రెండు రోజుల్లో మానిపోతుంది. బోదకాలు ఉన్న మనిషికి అదే పగులులోంచి క్రిములు లోపలికి పోతే వాటిని తరిమే శక్తి ఆ కాలికి ఉండదు. అప్పుడే చలిజ్వరం, బిళ్లలు, మంట. ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ జాతి క్రిములు దీనికి కారణం. జ్వరం తగ్గాక కూడా కథ అయిపోదు. వచ్చి పోయిన ప్రతిసారీ నాళాలు ఇంకాస్త దెబ్బతింటాయి, చర్మం ఇంకాస్త గట్టిపడుతుంది, వాపు ఒక మెట్టు పెరుగుతుంది. పెరిగిన వాపులో మడతలు పడతాయి, మడతల్లో తడి నిలుస్తుంది, తడిలో మళ్లీ పగుళ్లు పడతాయి. ఈ గిరగిర తిరిగే చక్రాన్ని ఒక్క చోట ఆపవచ్చు. ఆ చోటు చర్మం.

ఈ మాట నేను చెప్పేది కాదు. ఒకప్పుడు ఈ జ్వరాలన్నీ పురుగు వల్లే వస్తాయని డాక్టర్లు కూడా అనుకునేవారు. 1990లలో బ్రెజిల్ దేశంలోని రెసీఫె నగరంలో జెరూసా డ్రేయర్ అనే డాక్టరమ్మ, ఆమెతో పనిచేసిన వాళ్లు, ఈ జ్వరాల వెనుక ఎక్కువగా ఉన్నది చర్మంలోంచి పోయిన బాక్టీరియా అని, శుభ్రత పాటిస్తే అవి తగ్గిపోతాయని చూపించారు. ఆ తర్వాత హైతీలో, మన పక్కనే ఒడిశాలోని ఖుర్దా జిల్లాలో ఇదే పద్ధతిని ఊళ్లలో నేర్పారు. కేరళలోని కాసరగోడులో కాలు కడగడానికి ఆయుర్వేదాన్ని, యోగాను జోడించి చికిత్స చేస్తున్నారు. వేర్వేరు దేశాల అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. కాలు శుభ్రంగా ఉంచుకునే పద్ధతి పాటించినవాళ్లకు ఈ జ్వరాలు బాగా తగ్గాయని అందులో తేలింది. ఖరీదైన మందు గానీ పెద్ద యంత్రం గానీ లేకుండా, సబ్బు నీళ్లతో వచ్చిన ఫలితం ఇది.

ఇప్పుడు పద్ధతి చెబుతాను. రాసుకోండి, ఊరికి పోయి చేసి చూపించాలి.

ఒక బేసిన్, ఒక చెంబు, మామూలు ఒంటి సబ్బు, రెండు మెత్తని పాత నూలు గుడ్డలు చాలు. గుడ్డలు ఉతికి ఎండలో ఆరేసినవి కావాలి, ఇంట్లో ఇంకెవరూ వాడకూడదు. నీళ్లు శుభ్రమైనవి, చల్లనివి. వేడినీళ్లు వద్దు. ముందు చేతులు కడుక్కోవాలి. కాలు తడిపి, సబ్బు నురగ చేత్తో తీసుకుని వాపు ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి, మోకాలి దగ్గరైతే మోకాలి నుంచి, కిందికి రావాలి. మడతల్లో, వేళ్ల సందుల్లో వేలు పెట్టి నెమ్మదిగా కడగాలి. రాయితో, పీచుతో, బ్రష్షుతో రుద్దకూడదు. గట్టిగా రుద్దితే మనమే క్రిములకు తలుపు తీసినట్టు. తర్వాత నురగంతా పోయి నీళ్లు తేటగా వచ్చేదాకా పోయాలి.

కడగడం కన్నా ముఖ్యమైనది ఆరబెట్టడం. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. గుడ్డతో అద్దాలి, రాయకూడదు. ప్రతి వేలి సందును, ప్రతి మడతను విడదీసి ఇంకో పొడి గుడ్డ కొసతో తడి లేకుండా తీయాలి. తర్వాత వెలుతురులో కూర్చుని చూసుకోవాలి. వేళ్ల మధ్య తెల్లగా నానిందా, పగులు ఉందా, ముల్లు గుచ్చుకుందా, దోమ కుట్టినచోట గోకిన గాటు ఉందా? చూపు ఆనని పెద్దమ్మకు ఇంట్లో ఇంకొకరు చూసిపెట్టాలి. సందులు నాని తెల్లబడితే అది ఎక్కువగా బూజు తెగులు. దానికి పూత మందు ఆరోగ్య కేంద్రంలో అడగండి. పుండు ఉంటే దానికి వేరే పూత మందు ఉంటుంది. బూడిద, సున్నం, పేడ, పసరు పెట్టకండి. పసుపు మన కాళ్లకు అందమే గాని పగులును మూయలేదు.

గోళ్లు చర్మం తెగకుండా కత్తిరించుకోవాలి. బయటికి పోతే వదులుగా ఉన్న చెప్పులు వేసుకోవాలి. కూర్చున్నప్పుడల్లా కాలు ఎత్తులో పెట్టుకోవాలి. పడుకునే మంచం కాళ్ల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టుకోవాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఈ ఒక్కటీ డాక్టరును అడిగి చెయ్యాలి. పాదాన్ని మడమ దగ్గర పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. ఇంతే. రోజూ, వాపు ఉన్నన్నాళ్లూ, అంటే జీవితమంతా.

చెప్పడం తేలిక. చెయ్యడం ఎవరికి సాధ్యం? ఇక్కడే మన పని మొదలవుతుంది.

నీళ్లతో మొదలుపెడదాం. నల్లా వచ్చేది ఒక పూట అయితే ఆ నీళ్లు ముందు వంటకు, తాగడానికి, తర్వాత పిల్లల స్నానాలకు, బట్టలకు, గొడ్లకు. తన కాలికి రెండు బిందెలు ఖర్చుపెట్టే కోడలిని ఇల్లు మెచ్చుకోదు. నీళ్లు ఉన్నా చాటు లేదు. స్వచ్ఛభారత్ కింద మరుగుదొడ్డి కట్టినచోట కూడా స్నానాల గది లేని ఇళ్లు ఎన్నో. వాకిట్లో, నలుగురు తిరిగేచోట, చీర మోకాలి పైకి తీసి పావుగంట కూర్చోగలిగే ఆడది ఎవరు? అందుకని పైపైన చెంబెడు నీళ్లు కుమ్మరించుకుని లేస్తుంది. మగవాడు అదే వాకిట్లో లుంగీ ఎగగట్టి కడుక్కుంటాడు, ఎవరూ తిరిగి చూడరు.

కాలు ఎత్తులో పెట్టుకోమంటాం. మామ ముందు, బావ ముందు కాళ్లు చాపి కూర్చుంటే ఆ పిల్లకు ఏం పేరు వస్తుందో మీకు నేను చెప్పక్కరలేదు. ఇంట్లో ఉన్న ఒక్క మంచం మగవాళ్లది. ఆమె పడక నేల మీద. ఇటుకలు పెట్టడానికి మంచం ఏది? బీడీలు చేసే అక్క పొద్దున్నుంచి రాత్రిదాకా చాట ఒళ్లో పెట్టుకుని కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. వెయ్యి బీడీల లెక్క తెగితే గాని లేవదు. కూర్చున్న ఆ గంటలన్నీ కాలికి నీరు దిగుతూనే ఉంటుంది.

నిజాంసాగర్ కాలువ కింద ఉన్న ఊళ్లు మనవి. రెండు కార్లూ నాట్లు ఉంటాయి. బురదలో చెప్పులు నడవవు. పొద్దంతా మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డ కాలికి వేళ్ల సందులు నానకుండా ఎట్లా ఉంటాయి? "నాటుకు పోకు" అని డాక్టరు అంటాడు. "పోకుంటే ఎట్ల ఎల్తది సారూ" అని ఆమె అంటుంది. ఇద్దరి మాటా నిజమే. కాబట్టి మనం చెప్పగలిగింది ఏమిటంటే, గట్టు ఎక్కగానే మంచి నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో సందులు తుడుచుకో, ఆ గుడ్డ సద్ది మూటలో పెట్టుకుపో. పగులో పుండో ఉన్న రోజుల్లో గట్టు మీది పని, నారు కట్టలు అందించే పని ఆమెకు ఇవ్వమని ముఠా అక్కలు నిర్ణయించుకోండి. కూలి మాత్రం అందరితో సమానం. ఇది మీ చేతుల్లో ఉన్న సంగతి, ఏ అధికారినీ అడగక్కరలేదు.

ఇంకొక సున్నితమైన విషయం మెట్టెలు. వాచిన వేలికి మెట్టె బిగుసుకుపోయి, దాని కింద తడి నిలిచి, ఒరుసుకుని పుండు పడిన కాళ్లు నేను చూశాను. తియ్యమంటే "నా పెనిమిటి ఉండంగ ఎట్ల తీస్తనమ్మా" అంటారు. మనం ఆ నమ్మకంతో కొట్లాటకు దిగనక్కరలేదు. మెట్టెలు దారానికి కట్టి మెళ్లో వేసుకున్న అక్కలున్నారు, వదులు చేయించుకున్న వాళ్లున్నారు. అత్తలు ముందుకు వచ్చి "తియ్యి బిడ్డా, కాలు ముఖ్యం" అంటే ఆ పని సులువవుతుంది. ఈ సభలో అత్తలు కూడా ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

జ్వరం వచ్చేసినప్పుడు ఏం చెయ్యాలో కూడా చెప్పుకోవాలి. అప్పుడు పూర్తి విశ్రాంతి. కాలు ఎత్తులో పెట్టి, చల్లని నీళ్లలో ముంచిన గుడ్డ వేయాలి. నీళ్లు బాగా తాగించాలి. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. క్రిమిని చంపే మందు డాక్టరు రాయాలి, రాసినన్ని రోజులూ వాడాలి, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు. కాపడం పెట్టకూడదు, కట్టు బిగించకూడదు, గాట్లు పెట్టి నీరు తీయించకూడదు. ఆ రోజుల్లో పాదం ఆడించే వ్యాయామం కూడా వద్దు. జ్వరం విపరీతంగా ఉన్నా, మనిషి మగతగా మాట తడబడుతున్నా, వాంతులు ఆగకపోయినా, కాలు మీద బొబ్బలు వచ్చి చర్మం నల్లబడుతున్నా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

విశ్రాంతి అన్నానే, అది ఆడవాళ్లకు ఎట్లా దొరుకుతుంది? ఆయనకు జ్వరం వస్తే ఇల్లంతా ఆయన చుట్టూ తిరుగుతుంది. ఆమెకు జ్వరం వస్తే పొయ్యి ముందు కూర్చునే జ్వరం భరిస్తుంది. ఒక అక్క నాతో అన్న మాట చెబుతాను: "జరమొచ్చినా బువ్వ వండుడు నా పనే. జరం తగ్గినంక ఇల్లంత కడుగుడు నా పనే. నా కాలు కడుగుడే ఎవ్వరి పని కాదు." ఆ ఆఖరి మాటకు మన సంఘాలు జవాబు చెప్పాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఫైలేరియా వల్ల వరిబీజం వచ్చిన మగవాళ్లు రెండున్నర కోట్లు, అవయవాల వాపుతో ఉన్నవాళ్లు కోటిన్నరకు పైన. వరిబీజానికి ఆపరేషన్ ఉంది, శిబిరాలు పెడతారు, ఒకసారి చేస్తే చాలావరకు తీరిపోతుంది. కాలివాపుకు అట్లాంటి ఒక్క దెబ్బ వైద్యం లేదు, రోజువారీ సేవ కావాలి. ఈ వాపుతో ఉన్నవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. రోజువారీ సేవ అంటే ఎవరూ లెక్కలోకి తీసుకోని పని. అందుకే అది వెనకబడింది.

ఇక పెళ్లి సంగతి. బోదకాలు తల్లి నుంచి బిడ్డకు రాదు. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, కాపురం చేస్తే రాదు. అయినా తల్లికి బోదకాలు ఉందని కూతురి సంబంధం తప్పిపోతుంది, పెళ్లయ్యాక బయటపడితే పుట్టింటికి పంపేస్తారు. అందుకని దాస్తారు. దాచిన కాలికి గాలి తగలదు, వెలుతురు తగలదు, పగులు పడితే కనిపించదు. అంటే ఊరి మాటలు కూడా ఆ జ్వరానికి ఒక కారణమే. ఇంటింటికీ పోయి ఈ భ్రమ తీసేయడం సబ్బు పంచడంతో సమానమైన వైద్యం.

ప్రభుత్వం నుంచి ఏం అడగాలి? తెలంగాణలో బోదకాలు బాధితులకు 2018లో నెలకు 1000 రూపాయలతో పింఛను మొదలైంది, 2019లో అది 2016 రూపాయలైంది. ఇది పోరాడి నిలుపుకోవాల్సిన హక్కు. మీ ఊళ్లో అర్హత ఉండి పింఛను అందని అక్కల జాబితా తయారు చెయ్యండి. కానీ పింఛను ఇచ్చాం, పని అయిపోయిందని అనిపించుకోనివ్వకండి. జాతీయ ఫైలేరియా కార్యక్రమంలోనే బాధితులకు బేసిన్, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూత మందు ఉన్న కిట్టు ఇచ్చి, కాలు కడిగే పద్ధతి నేర్పాలని ఉంది. కిట్టు ఇచ్చి సంతకం తీసుకోవడం నేర్పడం కాదు. ఒక్కసారైనా ఆమె కాలు కడిగి చూపించాలి, తర్వాత ఆమెతో కడిగించి చూడాలి. సబ్బు, పూత మందు అయిపోతే మళ్లీ ఇవ్వాలి. ఆరోగ్య కేంద్రంలో ఈ మందులు ఎప్పుడూ ఉండాలి. స్నానాల గది కట్టుకోవడానికి సాయం ఇవ్వాలి. మురికి కాలువలు పారేట్టు చూడాలి, ఎందుకంటే క్యూలెక్స్ దోమ పుట్టేది మురికి నీళ్లలోనే. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి దోమతెర గుడ్డ కట్టే పని మాత్రం ఇవాళే మనం చేసుకోవచ్చు.

ఒక్క మాట, ఈ శుభ్రత పాఠం బోదకాలుకే పరిమితం కాదు. షుగరు ఉన్నవాళ్ల పాదాలకూ రోజూ కడగడం, ఆరబెట్టడం, చూసుకోవడం అవసరం. పిల్లలకు మాటిమాటికీ వచ్చే చీము పొక్కులు కూడా ఇట్లాంటి క్రిముల వల్లే వస్తాయి. పాకిస్తాన్‌లోని కరాచీ పేదవాడల్లో ఒక అధ్యయనం చేశారు, 2005లో దాని ఫలితాలు వచ్చాయి. ఇళ్లకు సబ్బు ఇచ్చి, చేతులు కడుక్కోవడం నేర్పితే పిల్లల్లో ఆ చీము పొక్కులు 34 శాతం తగ్గాయి. అక్కడ కూడా ఊరికే "శుభ్రంగా ఉండండి" అని చెప్పి పోలేదు. సబ్బు ఇంటికి చేర్చారు, వారం వారం వచ్చి కూర్చుని మాట్లాడారు. ఆడవాళ్లకు తెలియక శుభ్రంగా లేరని తేల్చేసే ఉపన్యాసాలకూ దీనికీ ఉన్న తేడా గమనించండి.

రెసీఫెలో డాక్టరమ్మ గురించి చెప్పాను. అక్కడ బాధితులు ఆశా క్లబ్బులు అని పెట్టుకున్నారు. ఒకచోట కూడి, ఒకరి కాలు ఒకరు చూసుకుని, పద్ధతి మరిచిపోకుండా గుర్తుచేసుకునేవారు. మనకు కొత్తగా క్లబ్బు పెట్టనక్కరలేదు, మనకు సంఘాలున్నాయి. నెలకొకసారి పొదుపు లెక్కలు చూసుకునే రోజున ఒక గంట దీనికి ఇవ్వండి. తలుపు వేసుకుని, మగవాళ్లు లేనిచోట, బేసిన్లు పెట్టుకుని అందరం కలిసి కడుగుదాం. దాచుకున్న కాలు నలుగురి మధ్య బయటికి వస్తే సగం భయం పోతుంది. ఒక నోటుపుస్తకంలో పేరు, ఈ నెల జ్వరం ఎన్నిసార్లు వచ్చింది, ఎన్ని రోజుల కూలి పోయింది, ఈ మూడు రాయండి. ఏడాది తిరిగాక ఆ పుస్తకం పట్టుకుని అధికారుల దగ్గరికి పోదాం. అప్పుడు మనం చెప్పేది ఫిర్యాదులా ఉండదు, లెక్కలా ఉంటుంది.

ఈ మధ్యాహ్నం భోజనాల తర్వాత బేసిన్లు పెట్టి చేసి చూపిస్తాం. ప్రతి ఊరి నుంచి ఇద్దరు ముందుకు రావాలి. ఒకరు కడిగేవారు, ఒకరు కడిగించుకునేవారు. ఆ ఇద్దరూ ఊరికి పోయి ఇంకో ఇద్దరికి నేర్పాలి. మీ ప్రశ్నలు అక్కడే, పని చేస్తూ మాట్లాడుకుందాం.